చిలికా సరస్సు: రెండు నీళ్ల కలయికలో జీవరాశి
(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

గంజాం జిల్లాలో పుట్టి పెరిగిన తెలుగు బిడ్డకు చిలికా పేరు కొత్త కాదు. బరంపురం నుండి భువనేశ్వర్ వెళ్లే రైలు కిటికీలోంచి రంభ దాటిన తరువాత కనిపించే ఆ నీటి విస్తీర్ణాన్ని చూడని వారుండరు. అయితే చూడడం వేరు, తెలుసుకోవడం వేరు. ఆ నీటిలో ఏయే ప్రాణులున్నాయి, అవి దేనిని ఆధారం చేసుకొని బ్రతుకుతున్నాయి అన్నది తెలుసుకొనదగిన విషయం.

చిలికా పూరీ, ఖుర్దా, గంజాం జిల్లాలలో వ్యాపించి ఉన్నది. భారతదేశంలోని ఉప్పునీటి సరస్సులలో ఇదే పెద్దది. వేసవిలో సుమారు 900 చదరపు కిలోమీటర్లు ఉండే దీని వైశాల్యం వర్షాకాలంలో 1,100 చదరపు కిలోమీటర్లు మించుతుంది. ఉత్తరాన మహానది పాయలైన దయా, భార్గవి మొదలగు నదులు మంచినీటిని తెచ్చి పోస్తాయి. తూర్పున ఇసుకదిబ్బను చీల్చుకొని ఉన్న మొగ గుండా సముద్రపు పోటు ఉప్పునీటిని తెస్తుంది. ఈ రెండు నీళ్లూ ఒకే పాళ్లలో కలిసి ఉండవు. ఉత్తర భాగంలో మంచినీటి లక్షణం ఎక్కువ, మొగ దగ్గర ఉప్పదనం ఎక్కువ. ఋతువును బట్టి కూడా ఈ పాళ్లు మారుతూ ఉంటాయి. అందుచేతనే ఒకే సరస్సులో అనేక విధాలైన నివాసాలు ఏర్పడినవి.

ఉత్తరాన కిక్కిస గడ్డి, గుర్రపుడెక్క పెరుగుతాయి. తేటగా, ఉప్పగా ఉన్న చోట్ల నీటి అడుగున సముద్రపు గడ్డి పరచుకొని చేపపిల్లలకు, రొయ్యపిల్లలకు దాగుచోటు అవుతున్నది. పండుగప్ప, పాలబొంత, మండపీత, రొయ్యలు ఇక్కడి ముఖ్యమైన సంపద. వీటిలో పండుగప్ప, రొయ్య వంటివి సరస్సులో పెరిగి, సంతానోత్పత్తికి సముద్రానికి పోతాయి. వాటి పిల్లలు మరల మొగ గుండానే లోపలికి వస్తాయి. కనుక మొగ ఈ ప్రాణులకు రాకపోకల దారి.

శీతాకాలంలో ఉత్తర దేశాల నుండి లక్షల సంఖ్యలో పక్షులు చిలికాకు చేరుతాయి. తలపై రెండు నల్లని చారలు గల బాతులు హిమాలయాలను దాటి వస్తాయి. వర్షాకాలంలో మునిగి, నీరు తగ్గాక పైకి తేలే నలబణ దీవి వీటికి ప్రధాన విడిది. 1987లో దానిని పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు.

చిలికా ప్రాణులలో రెండింటికి ఆంధ్ర తీరంతో బంధుత్వమున్నది. మొదటిది ఇరావతి డాల్ఫిన్. గుండ్రని తల, ముక్కులేని మూతి గల ఈ జీవిని లోకానికి శాస్త్రీయంగా పరిచయం చేసినది 1866లో రిచర్డ్ ఓవెన్. అందుకు ఆధారమైన నమూనా 1852లో విశాఖపట్నం రేవులో దొరికినదే. నేడు చిలికాలో ఇవి సుమారు 150 ఉన్నాయి. రెండవది కాళ్లు లేని ఒక నలికండ్ల పాము జాతి. నెల్సన్ అనండేల్ 1917లో చిలికాలోని బర్‌కుడా దీవి పేరు మీదుగానే దాని ప్రజాతికి పేరు పెట్టారు. ఆ ప్రజాతికే చెందిన మరొక జాతి విశాఖపట్నం ప్రాంతంలో కనిపిస్తుంది.

ఇంతటి జీవసంపదకు ఒకప్పుడు ముప్పు వాటిల్లినది. నదులు తెచ్చిన ఒండ్రు పేరుకొని, మొగకు పోయే కాలువ పూడిపోయింది. ఉప్పదనం తగ్గింది, కలుపు విస్తరించింది, చేపల రాక సన్నగిల్లింది. 1981లో రామ్‌సార్ ఒడంబడిక కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలగా గుర్తింపు పొందిన చిలికా, 1993లో అదే ఒడంబడిక వారి ప్రమాద జాబితాకు ఎక్కవలసి వచ్చింది. రొయ్యల చెరువుల కోసం నీటిని కట్టడి చేయడం కూడా ఆ కాలంలో పెచ్చుపెరిగింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు చిలికా, పులికాట్ సరస్సులకు 1,000 మీటర్ల లోపు రొయ్యల చెరువులను నిషేధించింది.

చిలికా అభివృద్ధి సంస్థ ఆధ్వర్యంలో 2000 సెప్టెంబరు 23న ఇసుకదిబ్బను తవ్వి కొత్త మొగ తెరిచారు. దానితో సముద్రానికి దూరం 18 కిలోమీటర్లు తగ్గింది. 1999–2000లో సుమారు 1,750 టన్నులుగా ఉన్న చేపలు, రొయ్యలు, పీతల దిగుబడి, 2001–02 నాటికి సుమారు 12,000 టన్నులకు చేరింది. 2002లో చిలికా పేరు ప్రమాద జాబితా నుండి తొలగింది. ఒకప్పుడు పక్షుల వేటకు పేరుపడిన మంగళజోడి గ్రామస్థులే వాటికి కాపలాదారులయ్యారు.

అయినా పని పూర్తి కాలేదు. ఒండ్రు రావడం ఆగదు, ఇసుక కదలడం ఆగదు. 2019లో ఫణి తుఫాను ఇసుకదిబ్బను కోసి కొత్త మొగలు తెరిచింది. ఉప్పదనం తగ్గినా ప్రమాదమే, మితిమీరినా ప్రమాదమే. ఆ తూకం చెడితే మొదట నష్టపోయేది వలమీద బ్రతికే కుటుంబాలు. ఒడియావారు నోలియాలని పిలిచే తెలుగు మత్స్యకారులూ వారిలో ఉన్నారు.

విద్యార్థులారా! ఏ రెండు నీళ్లలో ఏది గొప్పదని చిలికా అడగదు. రెండూ రావాలి, రెండూ పోవాలి, దారి తెరిచి ఉండాలి. ఒడియా నేలపై తెలుగు చదువు 75 ఏళ్లు నిలిచినదీ ఈ తీరుననే. ఈసారి చిలికాకు విహారయాత్రకు వెళ్లినప్పుడు పడవను డాల్ఫిన్ల వెంట తరమనీయకండి, ప్లాస్టిక్ సంచిని నీటిలో విడవకండి. పడవ నడిపే పెద్దవారిని అడిగి, కనిపించిన చేప పేరు, పక్షి పేరు తెలుగులోను, ఒడియాలోను నోటు పుస్తకంలో వ్రాసుకోండి. పేరు తెలిసిన ప్రాణిని మనిషి అంత తేలికగా పోగొట్టుకోడు.