కుంపటా, పొగగొట్టం పొయ్యా?

కొరాపుట్ కొండల్లో పుష్యమాసపు చలికి కొందరు రాత్రిళ్లు కుంపటి రాజేసి, తలుపులు బిగించి పడుకుంటారు. నిప్పు ఎర్రబడింది, పొగ లేదు, ఇక భయం లేదనుకుంటారు. అసలు భయం అప్పుడే. కాలే బొగ్గుల నుంచి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వెలువడుతుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

గది వెచ్చబడాలంటే మూత, పొగగొట్టం ఉన్న ఇనుప పొయ్యిని ఎంచుకోండి. గొట్టం ఇంటికప్పు దాటి పైకి పోవాలి. ఏటా మసి దులపాలి. చీల్చి, కనీసం 6 నెలలు ఆరబెట్టిన కట్టెలే వాడండి. పచ్చికట్టె వేడిలో కొంత దాని తడి ఆరడానికే పోతుంది. పైగా గొట్టంలో మసి పేరుకుంటుంది.

అంత పొయ్యి కొనలేకపోతే, పడుకునే ముందు కుంపటి బయట పెట్టి, ఇంకో దుప్పటి కప్పుకోండి.