కాన్వెంటు చదువు: తల్లిదండ్రులు విచారింపవలసిన సంగతులు
(మహాసభ విద్యాగోష్ఠిలో చేసిన యుపన్యాసము)



మన కులమున చదువుకొన్నవారిని వ్రేళ్ళపై లెక్కించిన దినములు గతించినవి. ఇప్పుడు బడికిఁ బోవు బిడ్డ లేని యిల్లు మనలో నరుదు. అయినను వేసవి వచ్చినతోడనే మన యిండ్లలో వినవచ్చు మాట యొక్కటే: "పిల్లవానిని కాన్వెంటులో వేయవలెను." ఏ కాన్వెంటు? ఎవరిది? ఫీజెంత? అని యడిగినచో సరియైన సమాధానము రాదు. ఆ సంగతిని గూర్చియే నేఁడు నాలుగు మాటలు చెప్పుమని సభవారు నన్నాజ్ఞాపించిరి.

కాన్వెంటనఁగా కతోలిక సన్యాసినులు నివసించు మఠము. వారు తమ మఠముల యావరణములలో బాలికలకు బడులు పెట్టుటచే నా పేరు బడికి సంక్రమించినది. మన తెలుఁగువారి నోట నది మఱింత విస్తరించి, ఇంగ్లీషు నేర్పు ప్రతి ప్రైవేటు బడియుఁ గాన్వెంటే యైనది. ఒక మేడకు సెయింటు పేరుతో బోర్డు కట్టినఁ జాలును, అది కతోలిక పాఠశాల యని మనవారు నమ్ముదురు. దాని యజమాని మన ప్రక్కవీధి వ్యాపారియే కావచ్చును! వ్యాపారి బడి పెట్టుట తప్పు కాదు. కాని సన్యాసినుల బడి యను భ్రమతో నచ్చట ధనము పోయుట తెలివి కాదు.

క్రైస్తవుల బడులన్నియుఁ గతోలికులవియుఁ గావు. మచిలీపట్టణమున 1843లో నోబులు దొర స్థాపించిన పాఠశాల ఆంగ్లికను సంఘమువారిది. గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాల లూథరను సంఘమువారిది. విశాఖపట్టణమందలి సెయింట్ అలోషియస్ పాఠశాల కతోలికులది. అది 1847 నాఁటిది. గుంటూరునకు 1904లో హాలండునుండి యేసు మరియ యోసేపుల సభ సన్యాసినులు వచ్చిరి. ఇట్టి బడి నడుపువారిని "మీది యే సభ? ఏ మేత్రాసనము?" అని యడిగినచో, అనఁగా ఏ బిషప్పుగారి యధికారమునకు లోఁబడినదని ప్రశ్నించినచో, వెంటనే చెప్పఁగలరు. చెప్పలేనిచోట రెండవసారి యాలోచింపుఁడు. ప్రభుత్వపు గుర్తింపు ఏ తరగతివఱకున్నదో కూడ నడిగి, పత్రమును జూడుఁడు.

ఇఁక ధనము సంగతి. మనలో ననేకుల భయము దీనిచుట్టే తిరుగుచున్నది. పెక్కు కతోలిక ఆవరణములలో నొకే ప్రహరీలోపల రెండు విధములైన బడులుండును: ఉపాధ్యాయుల జీతములు ప్రభుత్వమిచ్చు ఎయిడెడ్ తెలుఁగు బడి యొకటి, ఫీజులపై నడచు ఇంగ్లీషు బడి యింకొకటి. మనవారు పెద్ద ద్వారమునొద్ద నిలిచి రెండవదాని ఫీజు విని, తల వంచుకొని తిరిగివత్తురు. మొదటిదాని మాటయే యడుగరు. అయితే 2021లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఎయిడెడ్ విద్యాసంస్థల విషయమున ఆర్డినెన్సు చేసినపిదపఁ గొన్ని సంస్థలు ప్రభుత్వ సహాయమును వదలుకొనెను. కావున పదేండ్ల క్రిందట మీ యన్నగారి కుమారుఁడు ఫీజు లేక చదివినాఁడు గదా యని ధైర్యపడక, ఈ సంవత్సరము స్థితి యేమో కనుఁగొనుఁడు. పట్టణము నడిబొడ్డున నున్న పేరుమోసిన బడికంటె, ఊరి చివర చర్చిని బట్టియున్న చిన్నబడి చౌకగా నుండుట తఱచు.

విద్యాహక్కు చట్టముక్రింద నాలుగవవంతు సీట్లు ఉచితముగా వచ్చునని కొందఱు మిత్రులు చెప్పుచున్నారు. అది ప్రైవేటు బడుల విషయమున నిజమే. కతోలిక బడులకుఁ జెల్లదు. సర్వోన్నత న్యాయస్థానము ప్రభుత్వ సహాయము పొందని మైనారిటీ పాఠశాలలను 2012లోను, సహాయము పొందువానిని గూడ 2014లోను ఆ చట్టమునుండి మినహాయించినది. 2025లో నిద్దఱు న్యాయమూర్తుల ధర్మాసనము 2014 నాఁటి తీర్పుపై సందేహము వెలిబుచ్చినది గాని, దానిని నమ్ముకొని పిల్లవాని యేఁడాది పోఁగొట్టుకొనరాదు. కతోలిక బడిలో తగ్గింపు హక్కుగా రాదు. అడిగినచోఁ గొన్ని చోట్ల దొరకును. ప్రధానోపాధ్యాయినిని స్వయముగాఁ జూచి, ఆదాయమింత, బిడ్డలింతమంది యని యున్నదున్నట్లు చెప్పి, దరఖాస్తు వ్రాసి యిండు. ఇందు సిగ్గుపడవలసినది లేదు. పుస్తకములు, దుస్తులు, బస్సు, పరీక్షల ఖర్చు కలిపి యేఁటి మొత్తమెంతో యప్పుడే యడుగుఁడు. నెలఫీజు మాత్రమే విని చేర్చినవారు దసరానాఁటికి అప్పులవాని గుమ్మమున నుందురు.

మతమును గూర్చి వృద్ధుల సంశయము సహజమే. బడిలోఁ జదివినంతమాత్రమున నెవరి కులమును మతమును మాఱవు. ప్రభుత్వ గుర్తింపుగాని ధనముగాని పొందు విద్యాసంస్థలో బాలుని సంరక్షకుని సమ్మతి లేనిదే మతబోధకుఁగాని మతసంబంధమగు ప్రార్థనకుఁగాని హాజరు కావలెనని నిర్బంధింపరాదని మన రాజ్యాంగము 28వ అధికరణము చెప్పుచున్నది. సాధారణముగాఁ గతోలిక బిడ్డలకు మతబోధయు, తక్కినవారికి నీతిపాఠమును వేఱువేఱుగా జరుగును. అయినను మీ సమ్మతివాక్యము దరఖాస్తులోనే యుండవచ్చును గాన, చదివి సంతకము చేయుఁడు. చదువరాని తల్లులు మన సంఘపు యువకునొకని వెంటఁ దీసికొనిపొండు.

చేర్చు దినమున మిక్కిలి శ్రద్ధ వహింపవలసిన దొకటి గలదు. బడి రిజిస్టరులో నాఁడు వ్రాయు పేరు, ఇంటిపేరు, పుట్టినతేది పదవతరగతి పత్రము వఱకు వెంటవచ్చును. తరువాత దిద్దించుట మిక్కిలి ప్రయాస. కులము పేరు వాడుకలో నొకటి, ప్రభుత్వపు జాబితాలో నొకటియైనచో జాబితాలోనిదే వ్రాయింపుఁడు. జననపత్రము, కులపత్రము, ముందు చదివిన బడి బదిలీపత్రము సిద్ధము చేసికొనుఁడు. ఆధార్ లేదని బిడ్డను త్రిప్పిపంపరాదని 2018లో సర్వోన్నత న్యాయస్థానము చెప్పియున్నది.

పోషక మహాశయులకు నాదొక మనవి. పరీక్షలలో నెగ్గినవారికిఁ బతకము లిచ్చుచున్నాము, సంతోషమే. కాని జూన్ నెలలో మొదటి కిస్తీ కట్టలేక బడి మానిన బిడ్డ పతకముదాఁక వచ్చుట యెట్లు? అంతకంటె మనసు నొప్పించు విషయమింకొకటి: ధనము చాలనప్పుడు కొడుకును ఫీజుబడికిఁ బంపి, కూఁతును ఇంటఁ దమ్ముని నాడింప నిలుపు సంసారములు మనలో నింకను గలవు. సన్యాసినులు బడులు తెఱచినది ముందుగా నాఁడుపిల్లలకే గదా! విద్యానిధినుండి మే నెల ముగియకముందే, మొదట బాలికలకు, ప్రవేశపు సొమ్ము నేరుగా బడికే కట్టి రసీదు తెచ్చునట్లు తీర్మానము చేయవలయునని కోరుచున్నాను. ఈ తీర్మానపు పాఠమును కార్యదర్శిగారి కిచ్చియున్నాను. సాయంకాలపు సమావేశమున నది మీ ముందునకు వచ్చును.