రేసు తగ్గిస్తే ఆగిపోయే ట్రాక్టరు



2001లో కోలారు బంగారు గనులు మూతపడ్డాక, చాంపియన్ రీఫ్‌లో పనిచేసిన మా బావ సెటిల్‌మెంటు డబ్బుతో పాత ట్రాక్టరు కొన్నాడు. అది రేసు ఇస్తే నడిచేది, తగ్గిస్తే ఆగిపోయేది. ఓ మెకానిక్కు చూడకుండానే పంపు విప్పాలన్నాడు. మిగిలిన సొమ్మంతా దానికే! అవతల రాగుల చేను దున్నాలి. నేను ఆగమన్నాను. మిల్లులో మేం చవక పని ముందు చేసేవాళ్లం.

ట్యాంకు మూత వదులు చేసి చూశాం. మూత రంధ్రం పూడితే డీజిలు దిగదు. అది కాదు. ఫిల్టరు అడుగు మర విప్పితే నీళ్లు, మడ్డి! కొత్త ఫిల్టరు వేశాం. తర్వాత పై మర వదులు చేసి, బుడగలు పోయి డీజిలు ధారగా వచ్చేదాకా చేతిపంపు కొట్టి బిగించాం. అయినా ఆగింది. చూస్తే పైపు కీలు దగ్గర తడి. గాలి అక్కడే పీలుస్తోంది. రాగి వాషరు మార్చాం, నిలిచింది.

ఇవన్నీ అయ్యాకే స్లో స్క్రూ తిప్పండి. సీలున్న మర జోలికి పోవద్దు. ఇంజను నడిచేటప్పుడు నాజిలు పైపు విప్పి చెయ్యి పెట్టొద్దు, ఆ డీజిలు ధార చర్మంలోకి దిగుతుంది.

ఆదివారం ఆఫీసుకు రండి, విప్పి చూపిస్తాను.