గురువు రెండు లఘువులైతే

ఈ రోజు పట్టాలు అందుకుంటున్న తెలుగు శాఖ విద్యార్థులారా,

గణవిభజన మీకు కొట్టిన పిండి. ఏ పద్యమిచ్చినా గురులఘువులు గుర్తించి, యతిస్థానం చూపి, పేరు చెప్పగలరు. అక్కడితో ఆగవద్దని అడగడానికే వచ్చాను. పోతన గజేంద్రమోక్షంలో మూడు పద్యాలు తీసుకుందాం. మూడూ మీకు నోటికి వచ్చినవే.

ఏనుగు ఓపిక నశించి మొరపెట్టుకునే పద్యం శార్దూలం. మొదలే మగణం, వరసగా మూడు గురువులు. ప్రాస వకారం. దాని ముందు అక్షరం గురువు కావాలన్నది వృత్తనియమం; ప్రాస ఒంటి వకారం కాబట్టి ఆ గురుత్వం సంయుక్తాక్షరం వల్ల రాదు, దీర్ఘం వల్లే రావాలి. అందుకే నాలుగు పాదాల్లోనూ దీర్ఘమే పడింది. ప్రతి పాదమూ గొంతు సాగదీసి పిలిచినట్టు మొదలవుతుంది. ఆపైన అన్నీ పొట్టి వాక్యాలు: బలం లేదు, ధైర్యం సడలింది, ఒళ్లు అలసిపోయింది. ఊపిరి అందని ప్రాణి అంతకంటే పొడుగు వాక్యం పలకలేదు.

ఆ శార్దూలంలో మొదటి గురువును రెండు లఘువులు చేయండి, మత్తేభమవుతుంది. 19 అక్షరాలు 20 అవుతాయి, యతి 13 నుంచి 14కు జరుగుతుంది, మిగతా నడకంతా అదే. విష్ణువు ఉన్నపళంగా బయల్దేరే పద్యం మత్తేభం. ఆ తొందర రెండు లఘువుల వల్లే వచ్చిందని అనాలనిపిస్తుంది. కానీ దానికి ముందు వైకుంఠాన్ని చూపించే పద్యమూ మత్తేభమే! ప్రాస కూడా రెండింటిలో తేలికైనదే, అక్కడ లకారం, ఇక్కడ రకారం. అయినా మొదటిది నింపాదిగా ఊరు, మేడ, తోట, కొలను దాటించి స్వామి దగ్గరికి తీసుకెళ్తుంది. పెద్ద సమాసం ఒకటి రెండో పాదంలో మొదలై మూడో పాదంలోకి పారుతుంది. రెండో పద్యంలో వరసగా వ్యతిరేక క్రియలు: చెప్పడు, పిలవడు, సర్దుకోడు. చేయని పనులన్నీ చెప్పి, ఎందుకు చేయలేదో చివరి సమాసందాకా దాచాడు. ఒకే వృత్తంలో రెండు వేగాలు. తేడా అంతా వాక్యం కట్టిన తీరులో ఉంది. నాకు పోతన మీద గౌరవం పదింతలైంది ఇక్కడే.

మీలో చాలామంది త్వరలో తరగతి గదుల్లో పాఠం చెబుతారు. పద్యాన్ని ముందు రెండుసార్లు పైకి చదివించండి. ఎక్కడ ఊపిరి ఆగిందో, ఎక్కడ పరుగెత్తిందో పిల్లల్నే చెప్పమనండి. గురులఘువులు ఆ తర్వాత పెట్టించండి.