ఒక డబ్బా కొనుడు, ఒక కారు కట్టుడు

డ్యూటీలో ఉండి ఎపిసోడ్ వినడం కుదరనివాళ్ళు చదువుకోవడానికి, మాట్లాడింది మాట్లాడినట్టే ఇక్కడ పెడుతున్నాం. అక్కడక్కడ అతుకులు మాత్రం సరిచేశాం.

ముందు నా సంగతి రెండు ముక్కల్లో. మాది కరీంనగర్ జిల్లా. ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్. కొన్నేళ్ళు గల్ఫ్‌లో చేసి, ఇప్పుడు అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో, డెట్రాయిట్ దగ్గర, బిల్డింగ్ సైట్ల మీద సూపర్‌వైజర్‌గా ఉన్నాను. ఇవాళ వీసాల గురించి కాదు, జీతాల గురించి కాదు. ప్లాస్టిక్ కార్ల గురించి మాట్లాడతాను. నవ్వకండి. మా ఇంట్లో ఇప్పటికే నవ్వారు. "ముప్పై డాలర్లు పెట్టి పిల్లలాట కొన్నవా?" అని మా ఇంటామె ఫోన్‌లో అడిగింది. ఆ ప్రశ్న న్యాయమైందే. దానికి జవాబు చెప్పాలనే ఈ మాటలు.

ఏంటీ కార్లు?

ఇవి దుకాణంలో తయారుగా దొరికే బొమ్మ కార్లు కావు. డబ్బా తెరిస్తే లోపల కారు ఉండదు. బాడీ ఒక ముక్కగా వస్తుంది. ఇంజను, సీట్లు, చాసిస్, ఇరుసులు, బంపర్లు అన్నీ సన్నటి ప్లాస్టిక్ కాడలకు అంటుకుని, చెట్టుకు కాయల్లా ఉంటాయి. కిట్టును బట్టి నూటికి అటూ ఇటూగా ముక్కలు. మనమే కోసి, అరగదీసి, రంగు వేసి, అతికించి కారు చెయ్యాలి.

స్కేలు మనకు కొత్త కాదు కదా. ఇక్కడి బిల్డింగ్ డ్రాయింగుల్లో పావంగుళం అంటే ఒక అడుగు, అంటే 1:48. ఈ కార్లలో ఎక్కువ భాగం 1:25 లేదా 1:24. 1:24 అంటే అర అంగుళానికి ఒక అడుగు. 1964 నాటి షెవ్రొలే ఇంపాలా అసలు కారు దాదాపు 5.3 మీటర్ల పొడవు. ఇరవై అయిదో వంతు చేస్తే 21 సెంటీమీటర్లు. అంటే జానెడు కారు.

నేనుండే ఊళ్ళకు ఈ కార్లతో పాత చుట్టరికం ఉంది. పక్కన ట్రాయ్ అని ఊరు. ఇప్పుడు అక్కడ మన తెలుగువాళ్ళు చాలామంది, భారతీయ టెంపుల్ ఉంది, పండగలకు మేమూ పోతాం. ఏఎంటీ అనే మోడల్ కంపెనీ ఆ ఊరిదే. 1948లో మొదలైంది. ఏఎంటీ అంటే అల్యూమినియం మోడల్ టాయ్స్. మొదటి కారు అల్యూమినియంతో పోశారు, పేరు అట్లా నిలిచిపోయింది, తర్వాత అంతా ప్లాస్టిక్కే. అప్పట్లో కార్ల షోరూములు కొత్త మోడల్ వచ్చినప్పుడల్లా దాని చిన్న నమూనాను, అసలు కారు రంగుల్లోనే, కొనేవాళ్ళ చేతిలో పెట్టేవి. ఆ నమూనాలు చేసిన కంపెనీయే 1958లో కిట్లు తీసింది. ఒకే డబ్బాతో మూడు రకాలుగా కట్టుకోవచ్చు: షోరూములో ఉన్నట్టు, సోకు చేసినట్టు, రేసు కారులాగా. జో-హాన్ అనే కంపెనీ డెట్రాయిట్‌లోనే ఉండేది, ఎంపీసీ మౌంట్ క్లెమెన్స్‌లో. తండ్రి ఫ్యాక్టరీలో పొద్దంతా కారు కడితే, కొడుకు ఇంట్లో బల్ల మీద అదే కారు కట్టేవాడు. ఏఎంటీ పేరు ఇప్పుడు ఇండియానాలోని సౌత్ బెండ్‌లో ఉన్న రౌండ్ 2 అనే కంపెనీ చేతిలో ఉంది. పాత అచ్చులతోనే చాలా కిట్లు మళ్ళీ వస్తున్నాయి.

ఇంకో సంగతి చెప్పాలి. ఒహాయో రాష్ట్రంలోని నార్వాక్ ఊళ్ళో ఫిషర్ అనే కుటుంబం. తండ్రి కమ్మరి, గుర్రబ్బండ్లు చేసేవాడు. ఏడుగురు కొడుకులు. వాళ్ళు డెట్రాయిట్ వచ్చి 1908లో ఫిషర్ బాడీ కంపెనీ పెట్టి, కార్ల బాడీలు చేశారు. ఆ కంపెనీ జనరల్ మోటార్స్‌లో కలిశాక 1930 నుంచి 1968 దాకా పిల్లలకు ఒక పోటీ నడిపింది, ఫిషర్ బాడీ క్రాఫ్ట్స్‌మన్స్ గిల్డ్ అని. మొదట రాచబండి నమూనా చెయ్యమన్నారు, తర్వాత సొంతంగా గీసుకున్న కారు, పన్నెండో వంతు సైజులో. ఇది కిట్టు కాదు, కట్టె చెక్కి చెయ్యాలి. గెలిస్తే కాలేజీ చదువుకు డబ్బు, పెద్ద బహుమతి 5,000 డాలర్ల దాకా. మగపిల్లలకే అవకాశం ఇచ్చారు, అదొక లోటు. 1947లో అందులో గెలిచిన చక్ జోర్డన్ అనే కుర్రాడు 1986లో జనరల్ మోటార్స్ డిజైన్ విభాగానికి పెద్దయ్యాడు. చేతిపని చిన్నచూపు చూసే పని కాదని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

బల్ల మీద పని

ఫిట్టర్ చదివినవాళ్ళకు, వెల్డర్లకు, కార్పెంటర్లకు ఈ పని చప్పున పట్టుబడుతుంది. ఎందుకంటే అసూలు ఒకటే.

కాడ నుంచి ముక్కను చేత్తో విరవొద్దు. నిప్పర్‌తో కొంచెం దూరంగా కోసి, మిగిలింది బ్లేడుతో చెక్కి, సన్న గరుకు కాగితంతో సాపు చెయ్యాలి. ముక్కలన్నీ డిష్ సోపు నీళ్ళలో కడిగి ఆరబెట్టాలి. అచ్చులోంచి ఊడిరావడానికి పూసిన జిడ్డు వాటి మీద ఉంటుంది, అది పోకపోతే రంగు పట్టదు. అతికించే ముందు ఒకసారి ఊరికే పెట్టి చూసుకోవాలి. సైటు మీద తలుపు బిగించే ముందు చౌకట్లో పెట్టి చూడమా, అట్లాగే.

గమ్ము విషయంలో ఒక మాట. ఈ ప్లాస్టిక్ పాలీస్టైరీన్. దీనికి వాడే సిమెంటు నిజానికి అతికించదు, రెండు అంచులనూ కరిగించి ఒకటి చేస్తుంది. వెల్డింగే అది. కాబట్టి రంగు వేసిన అంచు మీద పట్టదు, అక్కడ రంగు గీకెయ్యాలి. అద్దాల దగ్గర సూపర్ గ్లూ వాడొద్దు, దాని ఆవిరికి అద్దం మసకబారుతుంది. కట్టెకు వాడే తెల్ల గమ్ము చాలు.

రంగు పలచగా, ఎక్కువసార్లు. ఎందుకో లెక్క చూడండి. మన బొమ్మ మీద రంగు మందం 0.2 మిల్లీమీటర్లు అనుకుందాం. అసలు కారు మీదికి లెక్క కడితే 25 రెట్లు, అంటే 5 మిల్లీమీటర్లు. అర సెంటీమీటరు రంగు పూసిన కారును ఎవడైనా కారంటాడా? ప్లాస్టరింగు అంటాడు. తలుపుల గీతలన్నీ పూడిపోతాయి.

నలభై దాటినవాళ్ళకు చత్వారం వస్తుంది. నాకూ వచ్చింది. మంచి దీపం, తలకు పెట్టుకునే భూతద్దం ఉంటే సరిపోతుంది.

ఇక జాగ్రత్త. పొద్దంతా సిమెంటు దుమ్ము పీల్చే ఊపిరితిత్తులు మనవి. రాత్రి మళ్ళీ స్ప్రే పీల్చొద్దు. పదిమంది పడుకునే రూములో, క్యాంపులో స్ప్రే డబ్బా ముట్టనే ముట్టొద్దు. వాసన సరే, నిప్పు భయం కూడా ఉంది. నీళ్ళలో కలిసే ఆక్రిలిక్ రంగులు, మంచి బ్రష్షు తీసుకోండి. ట్యూబు గమ్ము కిటికీ తెరిచి వాడండి. 1960లలో ఇక్కడ పిల్లలు ఆ గమ్మును మత్తు కోసం పీల్చి పాడైపోతుంటే, టెస్టర్స్ అనే కంపెనీ 1969లో అందులో ఆవఘాటు కలిపింది, ముక్కు దగ్గర పెట్టుకుంటే మండాలని. ఇంటికి పోయేటప్పుడు కారును తీసుకుపోవచ్చు గానీ, అంటుకునే రంగులు, స్ప్రేలు విమానంలో పెట్టనివ్వరు. అవి ఇక్కడే ఎవరికైనా ఇచ్చేసి పోండి.

చలికాలం

ఇప్పుడు అసలు మాట. మిషిగన్‌లో డిసెంబర్ వచ్చిందంటే నేల గడ్డకడుతుంది. బయటి పని తగ్గుతుంది. కొందరికి వారాల తరబడి పని ఉండదు. సాయంత్రం ఐదుకే చీకటి. ఇంటి దగ్గర అప్పుడు తెల్లవారుజాము, ఫోన్ చేద్దామంటే అందరూ నిద్రలో ఉంటారు. చేతిలో ఫోన్, పక్కన సీసా. ఇది ఇక్కడి ముచ్చట. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకు ఎండాకాలం మధ్యాహ్నాలు, శుక్రవారాలు ఇట్లాగే ఉంటాయని నాకు తెలుసు.

అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్కల్లో, ఆత్మహత్యల రేటు ఎక్కువగా ఉన్న రంగాల్లో నిర్మాణ రంగం ముందు వరుసలో ఉంది. ఈ మాట మనం సైటు మీద మాట్లాడుకోం. హెల్మెట్ గురించి రోజూ చెప్తాం, దీని గురించి చెప్పం.

మా గ్యాంగులో ఒక తమ్ముడు, పేరు చెప్పను, ఒక చలికాలం బాగా మూగబోయాడు. ఆదివారం నా రూముకు రమ్మని, పికప్ ట్రక్కు కిట్టులో చక్రాలు ముందర పెట్టాను. "గిదేం పని అన్నా?" అన్నాడు. నాలుగు చక్రాలు చెయ్యడానికి రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ ఫోన్ ముట్టలేదు. మూడో ఆదివారం చక్రాలు చేస్తూ చేస్తూ, వాళ్ళ నాన్న అప్పు సంగతి, తనకు నిద్ర పట్టని సంగతి చెప్పాడు. ముఖం ముఖం చూసుకుంటూ అడిగితే చెప్పేవాడు కాదు. చేతులు పనిలో ఉంటే నోరు తెరుచుకుంటుంది, మా అమ్మవాళ్ళు బీడీలు చుడుతూ మాట్లాడుకున్నట్టు.

అట్లాగని కారు కడితే రోగం నయమవుతుందని నేను చెప్పను. అతను తర్వాత డాక్టరు దగ్గరికి కూడా పోయాడు, పోవాల్సిందే. అమెరికాలో ఉన్నవాళ్ళు మనసు తట్టుకోలేనప్పుడు 988కి ఫోన్ చెయ్యొచ్చు, రాత్రీ పగలూ పలుకుతారు. బల్ల ముందు కూర్చోబెట్టడం మనం చేయగలిగేది. మిగతాది వాళ్ళు చూస్తారు.

డబ్బాల జబ్బు

ఇంత చెప్పి, ఒక హెచ్చరిక చెప్పకపోతే తప్పు. ఈ సరదాలో ఒక గుంట ఉంది. కట్టడం కంటే కొనడం తేలిక. ఇక్కడి అమెరికా పెద్దమనుషుల నేలమాళిగల్లో తెరవని డబ్బాలు గోడ ఎత్తు ఉంటాయి. దాన్ని స్టాష్ అంటారు. "నా ఆయుష్షు అయిపోతుంది గానీ డబ్బాలు అయిపోవు" అని నవ్వుకుంటారు. వాళ్ళకు సొంత ఇల్లుంది, నవ్వుకుంటారు. మనకు 23 కిలోల సూట్‌కేసు ఉంది. ఆ సూట్‌కేసులో పట్టనిది మనది కాదు.

నా లెక్క ఇది. మొదట నిప్పర్, బ్లేడు, గరుకు కాగితం, గమ్ము, నాలుగు రంగులకు నలభై యాభై డాలర్లు. కిట్టుకు పాతిక నుంచి నలభై. ఒక కిట్టు నాకు రెండు నెలలు వస్తుంది. అది పూర్తయ్యేదాకా ఇంకోటి కొనను. డిస్కౌంట్ ఉన్నా కొనను. ఇంటికి పంపే డబ్బులోంచి ఒక్క పైసా తియ్యను, నా చాయ్, సిగరెట్టు ఖర్చులోంచే. సిగరెట్టు మానేశాను కాబట్టి లెక్క కుదిరింది. ఇదే మా ఇంటామెకు చెప్పిన జవాబు, ఆమె ఒప్పుకుంది. పూర్తిగా కాదు, సగం.

మనవాళ్ళకు ఈ జబ్బు కార్లకన్నా ముందునుంచే ఉంది. ఊళ్ళో ప్లాటు కొంటాం, కట్టం. ఇల్లు కడతాం, తాళం వేస్తాం. "ఇంకో రెండేళ్ళు" అంటాం. ఇక్కడ మనం కట్టే బిల్డింగుల్లో మనం ఉండం. పని అయిపోగానే తాళాలు అప్పగించి, ఇంకో సైటుకు పోతాం. ఇన్నేళ్ళలో నేను ఎన్నో అంతస్తులు లేపాను, ఒక్క గదిలో కూడా కుర్చీ వేసుకుని కూర్చోలేదు. జానెడు కారు మాత్రం మొదటి కోత నుంచి చివరి మెరుపు దాకా నాదే. ఎవరికీ అప్పగించే పని లేదు. ఇన్‌స్పెక్టర్ రాడు. తొందర పెట్టేవాడు లేడు. అప్పు, పేపర్లు, ఇల్లు అన్నీ సగంలో ఉన్న బతుకులో, ఒకటైనా పూర్తి చేశామని చూసుకోవడానికి అది ఉండాలి. తెరవని డబ్బా ఆ పని చెయ్యదు. అది ఇంకో బాకీ.

ఇప్పుడు నా బల్ల మీద అమెరికా కారు లేదు. స్టైరీన్ షీటు కోసి అంబాసిడర్ కడుతున్నాను. 2014లో తయారీ ఆగిపోయిన కారు, మనలో చాలామంది మొదటిసారి ఎయిర్‌పోర్టుకు ఎక్కి పోయిన కారు. అసలుది దాదాపు 4.3 మీటర్లు, నాది 17 సెంటీమీటర్లు. పైన సామాను క్యారియరు కూడా పెడుతున్నాను, దాని మీద తాడుతో కట్టిన ఒక సంచి.

సెలవు మీద పోయినప్పుడు వీలైతే హైదరాబాద్‌లో జూ పార్కు దగ్గర బహదూర్‌పురాలో సుధా కార్స్ మ్యూజియం చూడండి. కె. సుధాకర్ గారు బూటు, బ్యాటు, కెమెరా ఆకారాల్లో నడిచే కార్లే చేసి పెట్టారు. పిల్లలను తీసుకుపోండి. "నేను కూడా చేస్తా" అని వాళ్ళు అంటే, ఒక గరుకు కాగితం చేతికివ్వండి.

వచ్చే ఎపిసోడ్‌లో ఇంటికి డబ్బు పంపే ఖర్చుల గురించి ఒక అక్క మాట్లాడతారు. మీరు చేతులతో ఏం చేస్తున్నారో, కట్టె పనో, కుట్టు పనో, వంటో, వాయిస్ మెసేజ్ పెట్టండి. ఉంటాను మరి. బెల్టు పెట్టుకుని ఎక్కండి, జాగ్రత్తగా దిగండి. నమస్తే.