ఉచితమను మాటకు వెల

వెనుకటి కాలమున రేడియో గల గృహస్థులు ఏటేట పోస్టాఫీసునకు పోయి, లైసెన్సు రుసుము చెల్లించి, పుస్తకముపై ముద్ర వేయించుకొనుచుండిరి. ఆ రుసుము ఎంతయో అందరికిని తెలిసినదే. అందు బేరము లేదు, దాపరికము లేదు. నేడు టెలివిజను ప్రసారములను ఇంటికి చేర్చు సంస్థలు పెక్కు. కేబులువారు, డిష్షువారు, ఇంటర్నెటుతోపాటు ఛానళ్ళను గూడ ఇచ్చెదమనువారు మన గుమ్మములయొద్ద పోటీపడుచున్నారు. పోటీ మంచిదే, అది వెలను తగ్గింపగలదు. కాని అది మాటల గారడిగా మారినప్పుడు నష్టపడువారు గృహస్థులే. అందును, పిల్లలు దూరమున నుండగా ఇంట ఒంటరిగా నున్న పెద్దలు, మరల మరల లెక్క యడుగుటకు మొగమాటపడుదురు. అట్టివారు సులభముగా మోసపోవుదురు.

మనము మొదట గుర్తింపవలసిన దొకటి గలదు. ఈ బేరములలో అచ్చపు అబద్ధముకంటె సగము చెప్పిన నిజమే ఎక్కువ ప్రమాదకరము.

“నెలకు రెండువందలే” అను మాటను తీసికొందము. టెలికాం నియంత్రణ సంస్థయైన ట్రాయ్ 2017లో చేసిన నిబంధనలు 2019 ఫిబ్రవరినుండి అమలులోనికి వచ్చినవి. వాని ప్రకారము మన బిల్లునకు మూడు భాగములు: ప్రసారమును ఇల్లు చేర్చినందుకు నెట్‌వర్కు రుసుము, మనము కోరిన పే ఛానళ్ళ వెల, ఈ రెంటిపై పన్ను. మొదటి నూరు ఛానళ్ళకు నెట్‌వర్కు రుసుము 130 రూపాయలకు మించరాదని అప్పుడు విధించిరి. 18 శాతము జి.ఎస్.టి. కలుపగా అది 153 రూపాయల 40 పైసలు. అమ్మువాడు ఛానళ్ళ ప్యాకు వెల మాత్రమే చెప్పి ఊరకున్నచో, అతడు అబద్ధమాడలేదు. కాని మన చేతినుండి పోవు సొమ్మును చెప్పలేదు. 2024 జూలైలో ట్రాయ్ ఆ గరిష్ఠ పరిమితిని తొలగించి, రుసుమును బహిరంగముగా ప్రకటింపవలెనని మాత్రము నియమించినది. కావున అడిగి తెలిసికొనవలసిన భారము మునుపటికంటె ఇప్పుడు మనపై హెచ్చు.

రెండవది ఉచితమనబడు సెట్‌టాప్ బాక్సు. అది మన సొంతమా, వాడుకకు మాత్రమే ఇచ్చినదా యన్నది మాటలలో తేలదు. సేవ మానునాడు తేలును. సొమ్ము పెట్టి కొన్నదైనను, సాధారణముగా ఒక సంస్థ బాక్సు వేరొక సంస్థ ప్రసారమునకు పనికిరాదు. బాక్సు మార్చకయే సంస్థను మార్చుకొను వీలుండవలెనని ట్రాయ్ 2020 ఏప్రిల్‌లో సిఫారసు చేసినది ఇందుకే. నెలసరి చందా నిజముగా లేనిది ప్రసార భారతివారి డి.డి. ఫ్రీ డిష్. 2004లో వేరొక పేరుతో ఆరంభమైన ఆ సేవకును డిష్షు, బాక్సు ఒకసారి కొనవలసినదే. పే ఛానళ్ళు అందు రావు.

మూడవది పొరుగు సంస్థను తూలనాడుట. “వాన పడినచో డిష్షు పనిచేయదు” అని ఒకరందురు. గట్టివానలో ఉపగ్రహ సంకేతము కొంతసేపు సన్నగిల్లుట నిజమే. వర్షాకాలమంతయు తెర నల్లబడుననుట నిజము కాదు. “ప్రభుత్వమే మార్చుకొమ్మన్నది” అని వేరొకరందురు. హైదరాబాదు, విశాఖపట్టణములలో కేబులు ప్రసారములు 2013 మార్చి 31 నాటికి డిజిటల్‌కు మారవలెనని ఆజ్ఞ వచ్చిన మాట నిజము. ఫలానా సంస్థ బాక్సునే కొనుడని ఆ ఆజ్ఞ చెప్పలేదు.

చట్టము మన పక్షమున లేకపోలేదు. 2020 జూలైలో అమలులోనికి వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము, ముఖ్యమైన సంగతిని కావలెనని దాచిన ప్రకటనయు తప్పుదోవ పట్టించు ప్రకటనయే. అందుకు పదిలక్షల రూపాయలవరకు జరిమానా విధింపవచ్చును. అయినను గుమ్మములో చెప్పి పోయిన నోటిమాటకు సాక్ష్య మెవరు?

అడగనిదే అమ్మయైనను పెట్టదందురు. కావున సంతకమునకు ముందు నాలుగు ప్రశ్నలడుగుదము. పన్నులతో సహా నెలకు మొత్తమెంత? తగ్గింపు గడువు తీరిన తరువాత ఎంత? బాక్సు ఎవరిది? సేవ మానినచో చెల్లింపవలసిన దేమి? ఈ నాల్గింటికిని సమాధానములు కాగితముపై వ్రాయించి, దరఖాస్తు నకలుతోపాటు కరెంటు బిల్లులయొద్ద దాచుకొనవలెను. మాట తప్పినచో ముందు ఆ సంస్థకే ఫిర్యాదు చేసి, దాని సంఖ్యను వ్రాసికొనవలెను. అక్కడ న్యాయము జరుగనిచో 1915 నంబరునకు ఫోను చేయవచ్చును. జిల్లా వినియోగదారుల కమిషనును ఆశ్రయింపవచ్చును. అయిదు లక్షల లోపు విలువగల వ్యవహారములకు అక్కడ రుసుము లేదు.

ఇట్లు అడుగుట అనుమానపు బుద్ధి కాదు. ఉన్న లెక్క ఉన్నట్లు చెప్పు అమ్మకందారు ఈ ప్రశ్నలకు జంకడు. మనము అడుగకున్నచో, తక్కువ చెప్పినవాడు గెలుచును. నిజము చెప్పినవాడు ఓడిపోవును.