మన వివరాలకూ కంచె కావాలి

(ప్రత్తిపాడులో జరిగిన రైతుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



పత్తి విత్తనం కొన్నా, మిర్చికి మందు కొన్నా, పంట నమోదు చేయించుకున్నా ఆధార్, ఫోన్ నంబరు, సర్వే నంబరు ఇస్తున్నాం. అవి ఎవరి చేతికి పోతున్నాయో అడగడం లేదు. “దాచుకోవడానికి మనకేముంది?” అనుకుంటున్నాం. మనకెంత అప్పుందో, కోల్డ్ స్టోరేజీలో ఎన్ని టిక్కీలున్నాయో, డబ్బు ఎప్పుడు అవసరమో ముందే తెలిసినవాడితో ధర ఎలా బేరమాడతాం?

ఇవి ఉత్త భయాలు కావు. 2018 ఏప్రిల్‌లో మన రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో 1.34 లక్షల మంది ఆధార్, కులం, బ్యాంకు వివరాలు అందరికీ కనిపించాయి. అదే ఏడాది పెద్దపల్లి జిల్లాలో భూమి రిజిస్ట్రేషన్ కాగితాల మీది వేలిముద్రలకు నకళ్లు తీసి సిమ్ కార్డులు యాక్టివేట్ చేశారన్న కేసు బయటపడింది. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం. వేలిముద్ర పోతే ఏం మార్చుకుంటాం?

2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. మన వివరాలను భద్రంగా కాపాడకపోతే కంపెనీకి 250 కోట్ల రూపాయల దాకా జరిమానా. వివరాలు బయటకు పొక్కితే ఆ సంగతి మనకు చెప్పాలి. దాచిపెడితే 200 కోట్ల దాకా జరిమానా. ఇది మంచిదే. కానీ ఆ డబ్బు ప్రభుత్వ ఖజానాకే పోతుంది. ఖాతా ఖాళీ అయిన రైతుకు పైసా రాదు. పాత ఐటీ చట్టంలో కంపెనీల నుంచి నష్టపరిహారం కోరే 43ఏ సెక్షన్‌ను కూడా ఈ చట్టం తీసేస్తోంది. పైగా తప్పుడు ఫిర్యాదు చేశామంటే మన మీదే 10 వేల రూపాయల దాకా జరిమానా! ఇక ప్రభుత్వం తన సంస్థలకు మినహాయింపు ఇచ్చుకోవచ్చు. కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకోవాలి?

యూరప్‌లో జరిమానా 2 కోట్ల యూరోలు, లేదా ప్రపంచవ్యాప్త టర్నోవర్‌లో 4 శాతం, ఏది ఎక్కువైతే అంత దాకా వేయొచ్చు. 2023లో మెటా కంపెనీకి 120 కోట్ల యూరోలు పడింది. కంపెనీ ఎంత పెద్దదైతే దెబ్బ అంత గట్టిగా తగలాలి. లేకపోతే జరిమానాను కూడా ఖర్చుల్లో రాసుకుంటారు.

అందుకే మనం డిమాండ్ చేస్తున్నాం. రైతు రిజిస్ట్రీ వివరాలు మన అనుమతి లేకుండా ఏ కంపెనీకీ ఇవ్వొద్దు. నష్టపోయిన రైతుకు, కౌలు రైతుకు పరిహారం ఇప్పించాలి. జరిమానా టర్నోవర్‌ను బట్టి ఉండాలి.

ఈలోపు మన పని మనం చేద్దాం. మన అనుమతి అడిగే నోటీసును తెలుగులో కోరే హక్కు ఆ చట్టమే ఇచ్చింది. చదవకుండా వేలు పెట్టొద్దు. ఎందుకో చెప్పకుండా ఆధార్ అడిగితే, ఇవ్వబోమని అందరం ఒక్క మాటగా చెబుదాం.